నాయనమ్మ కొట్టిన దెబ్బ

నా ఏడో ఏట, నవంబరులో ఒక ఆదివారం. ఉన్నవాళ్లం: నాన్న, అమ్మ, గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన నాయనమ్మ, నేను.

నిన్న ఒక చర్చిలో పాత బల్లలకు పూసిన మైనం వాసన తగలగానే ఆ రోజు గుర్తొచ్చింది. ఆ రోజు మేం వెళ్లింది ఒక పాత ఎపిస్కోపల్ చర్చికి; న్యూజెర్సీకి వచ్చాక మమ్మల్ని రమ్మని పిలిచిన మొదటి చర్చి అదే. ఆరాధన మధ్యలో ఫాదర్ ఏదో అనగానే అందరూ లేచి ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. అది ఒకరికొకరు శాంతి కోరుకునే సమాధాన వందనమని నాకు తెలియదు. కొట్లాట మొదలైందనుకున్నాను.

నాయనమ్మ ఎరిగిన చర్చిలో మగవాళ్లు వేరే వరసలో కూర్చుంటారు. ఇక్కడ పక్కనున్న భారీ మనిషి నవ్వుతూ ఆమె చేతిని రెండు చేతులా పట్టి ఊపేశాడు. గాజు పగిలి మణికట్టు తెగింది.

"వదలరా చచ్చినోడా!" అంటూ నాయనమ్మ లావుపాటి పాటల పుస్తకంతో అతని ముఖం మీద కొట్టింది. ముక్కు పగిలి రక్తం కారింది. మళ్లీ కొట్టింది.

"ఆపమ్మా! పలకరిస్తున్నాడంతే!" నాన్న అరిచాడు.

"రక్తం కళ్లజూసి పలకరిస్తాడా?"

ఇక మనల్ని ఆ గుమ్మం ఎక్కనివ్వరని అమ్మ దారంతా ఏడ్చింది. నాయనమ్మకు గానీ ఆ మనిషికి గానీ చెడు ఉద్దేశం లేదని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

మర్నాడు పొద్దున క్షమాపణ చెప్పడానికి ఆయన ఇంటికి వెళ్లాం. వాచిన ముక్కుతో తలుపు తీసి, "కమిన్, కమిన్! నెక్స్ట్ సండే కూడా మా పక్కనే!" అంటూ ఆయన రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు.

"కొట్టన్లేవయ్యా," అంది నాయనమ్మ.