అక్క తిప్పకుండా ఉంచిన కార్డు

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలు. ఇంట్లో ఉన్నవారు: అక్క, మంచం మీద, నిద్రలో. నేను, పక్కన కుర్చీలో. అక్క మనవరాలు కల్లం దగ్గరికి వెళ్ళింది, ఎండబోసిన మిరపకాయలు తిరగవేయడానికి.

ఆ రోజు డైరీలో ఇంతవరకే రాశాను. కింద సగం పేజీ ఖాళీగా ఉండిపోయింది. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను, పేజీ అలా వదిలిన రోజులు నాకు పెద్దగా గుర్తు లేవు. అక్క పోయి మూడు నెలలైంది. ఆ మిగిలిన సగం ఇప్పుడు రాస్తున్నాను.

పొదిలి నుంచి చీమకుర్తి వైపు వెళ్ళే రోడ్డు పక్కన మా ఊరు. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు, అక్కకు పదిహేను. అక్క పత్తి తీసి, మిరపకాయలు కోసి నన్ను పంతులు ట్రైనింగ్ దాకా చదివించింది. తను మాత్రం అక్షరం నేర్చుకోలేదు. రిటైరయ్యాక నేర్పుతానంటే, "నువ్వు చదివింది చాల్లేరా మేష్టారూ, ఇద్దరికీ సరిపోద్ది" అని నవ్వేసింది.

కిందటి క్రిస్మస్ ముందు బట్టలుతికే బండ దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదన్నారు. అప్పటి నుంచి మంచమే. గ్రానైట్ లారీలు పోతుంటే కిటికీ రెక్కలు అదురుతాయి; అక్క వాటి వైపు చూస్తూ పడుకునేది.

ఒంగోలులో చదువుకుంటున్న మనవరాలు సంక్రాంతి సెలవులకు వచ్చి అక్క కోసం ఉండిపోయింది; తన టాబ్లెట్‌లో ఒక ఆట పెట్టి ఇచ్చింది. పచ్చటి గుడ్డ పరిచినట్టు ఒక తెర. దాని మీద బోర్లించిన కార్డులు, మొత్తం నలభై. వేలు పెడితే కార్డు తిరుగుతుంది. ఒకదాని కింద వాగు, ఒకదాని కింద పుట్టగొడుగులు, ఒకదాని కింద నక్క. చేతికర్ర పట్టుకున్న చిన్న మనిషి బొమ్మ తిప్పిన కార్డు మీదికి నడిచి వెళ్తుంది. వెనక నీళ్ళ చప్పుడు, సన్నగా పిల్లనగ్రోవి.

"ఇందులో గెలవడం, ఓడిపోవడం ఉండవు నాయనమ్మా," అంది పిల్ల.

"మరి ఆటెందుకే?"

"ఊరికే తిరగడానికి."

"ఊరికే తిరగడమా! పనీపాటా లేనోళ్ళ ఆట తెచ్చిపెట్టావే నాకు."

అంటూనే ఒక కార్డు తిప్పింది. జీవితమంతా నడిచింది అక్క. చేనికి, చర్చికి, సంతకు. ఉత్త చేతులతో, తిరిగి రావాల్సిన వేళ లేకుండా ఎక్కడికీ నడిచి ఎరగదు.

అది గంటలో అయిపోయే ఆట అని పిల్ల చెప్పింది. అక్క మాత్రం రోజుకు నాలుగైదు కార్డులకు మించి తిప్పేది కాదు. తిప్పిన ప్రతిదానికీ పేరు పెట్టేది. నేను నంబరు వేసి డైరీలో రాసేవాణ్ణి. ఏ దేశానిదో నీలం రెక్కల పిట్ట వచ్చింది. "పాలపిట్ట" అంది. అది వాగు ఒడ్డున, ఎడమ పక్క. ఇంకోచోట నేలంతా తెల్లగా ఉంది.

"అది మంచు అక్కా."

"నువ్వు నాకు చెప్తావా? ఇరగగాసిన పత్తి చేను రా అది. తీసేవాళ్ళు లేక అట్టా ఉంది."

నేను రెండూ రాశాను.

ముప్పై తొమ్మిది అయ్యాక ఆపేసింది. కుడి పక్క కింద మూల ఒక కార్డు మిగిలింది. తిప్పమంటే, "ఉండనీరా" అంది. మా వైపు ఆఖరి కోతలో గట్టు పక్కన రెండు మూడు మిరప చెట్లు కోయకుండా వదిలేస్తారు, తర్వాత పరిగె ఏరుకోవడానికి వచ్చేవాళ్ళ కోసం. ఈమధ్య వదిలేవాళ్ళు తక్కువ. అక్క మాత్రం ఆసామి తిట్టినా సరే, వాటి మీద చెయ్యి వేసేది కాదు. ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఆట సంగతి మరచిపోయిందనీ అనుకున్నాను. నా డైరీలో మాత్రం నలభై అని అంకె వేసి ఉంది, దాని ఎదుట ఏమీ లేదు. నాలుగు రోజులు నా కన్ను దాని మీదే.

మంగళవారం మధ్యాహ్నం అక్క నిద్రలో ఉండగా టాబ్లెట్ తీసి ఆ కార్డు తిప్పాను.

కింద ఉత్త గడ్డి. బొమ్మ అక్కడికి నడిచి వెళ్ళి కర్ర పక్కన పెట్టి కూర్చుంది. పాట ఆగింది. ఒక్కొక్క కార్డూ వెలిసిపోయింది. తెర మీద మళ్ళీ నలభై కార్డులు, అన్నీ బోర్లించి.

వెనక్కి తీసుకురావడానికి నాకు తెలిసినవన్నీ నొక్కాను. కల్లం నుంచి వచ్చిన పిల్ల చూసి, "పాతది రాదు తాతయ్యా. ఆఖరిది తిప్పితే ఆట అయిపోయినట్టే. ఎందుకు తిప్పారు?" అంది.

"లిస్టు పూర్తవుతుందని."

పిల్ల నా చేతిలోంచి టాబ్లెట్ తీసుకుంది. తర్వాత తనే ఉపాయం చెప్పింది. వసారాలో కూర్చుని ఇద్దరం దీపాలు పెట్టేవేళ దాకా కొత్త ఆట ఆడాం. పాతదానిలాగే కుడి పక్క కింద మూల ఒక్క కార్డు వదిలాం. బొమ్మలు ఈసారి వేరే చోట్ల వచ్చాయి, అక్క కనిపెట్టదులే అనుకున్నాం. ఆ సాయంత్రం అక్క టాబ్లెట్ అడిగితే చార్జింగ్ లేదని అబద్ధం చెప్పాను.

మర్నాడు పొద్దున ముఖం కడిగి, దిండు ఎత్తు చేసి, టాబ్లెట్ చేతికిచ్చాను. అక్క ఒక్క చూపు చూసింది.

"ఇది నేను నడిచిన చోటు కాదు."

"అదే అక్కా."

"ఒరేయ్, ఊళ్ళో ఎవరి చేలో ఏ సాలు ఎక్కడ వంకర తిరిగిద్దో నాకు తెలుసు. వాగు ఒడ్డున నా పాలపిట్ట ఏది?"

చెప్పేశాను. తిట్టలేదు.

"ఏముందిరా దాని కింద?"

"గడ్డి. ఇంకేం లేదు."

కిటికీ రెక్కల వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా అంది: "మొన్న అక్కడ ఇల్లుందనుకున్నా. అంతకుముందు రోజు చెరువు. కళ్ళు మూసుకుని రోజుకో చోటికి పోయొస్తున్నా, ఈ మంచం మీద నుంచి. అది తెరవనంతసేపూ నాకు పోవడానికి చోటుండేది."

"మళ్ళీ మొదట్నుంచీ పోదాం అక్కా. నేనూ వస్తాను."

"అంత దూరం మళ్ళీ నడవలేనురా," అంది. "కాళ్ళు పీకుతున్నయ్."

టాబ్లెట్ మనవరాలికి ఇచ్చేసి, తల గోడ వైపుకు తిప్పుకుంది.