డాక్టరు చెప్పిన చుట్లు

నాకు చిన్నప్పటినుంచీ తొందర జబ్బు. భోపాలపట్నంలో మా నాన్న కొట్లో కూర్చోబెడితే పావుగంటకే వీధిలో తేలేవాణ్ణి. బస్తర్ సంస్థానం పోలీసుల్లో చేరతానంటే, పోనీ పీడా వదిలిందన్నారు ఇంట్లో.

జగదల్‌పూర్‌లో మాకు కవాతు నేర్పే ఉస్తాద్ మొదటిరోజే మైదానం చుట్టూ పన్నెండు చుట్లు పరుగెత్తించేవాడు. పడినవాళ్లు పడగా మిగిలినవాడే సిపాయి అని ఆయన లెక్క. మా ముందు జట్టులో ఒకడు గుండె పట్టుకుని పడి మళ్లీ లేవలేదు. ఆసుపత్రి డాక్టరు అది చూసి ఊరుకోలేకపోయారు. మా జట్టులో మంచి ఆరోగ్యమున్న పదిమందిని, నన్నూ కలిపి, ఎంచి ఆరు వారాల పరీక్ష పెట్టారు. మొదటి వారం రోజుకు రెండు చుట్లు, ఆపైన వారం వారం రెండేసి పెంచడం, పరుగయ్యాక నాడి చూసి పుస్తకంలో రాసుకోవడం. పదిమందీ చివరిదాకా నిలిస్తే ఇకమీదట అందరికీ ఇదే పద్ధతి. ఒక్కడు పడినా పాత పద్ధతే. ఆ షరతు మీదే ఉస్తాద్ ఒప్పుకున్నాడు.

రెండు చుట్లకు నాకు చెమటైనా పట్టలేదు. మిగతా రోజంతా ఏం చెయ్యను? కూర్చుంటే ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది, పడుకుంటే నిద్ర రాదు. మా కొట్లో తూకం మీద కొసరు వెయ్యనిదే పొట్లం కట్టరు. పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది? పొద్దున్నే అందరికంటే ముందు లేచి ఇంద్రావతి ఒడ్డున కొసరు పరుగు తీసేవాణ్ణి. చుట్లు పెరిగేకొద్దీ కొసరూ పెంచాను. పైగా డాక్టరుకు మేలు చేస్తున్నాననుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ పదిమందిలోనే ఉన్న మద్దేడు ఊరి రైతు ఒకాయన నా పక్క మంచం. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. డాక్టరు సాబ్ చెప్పినంతే ఉరకమని, పైరుకు నీళ్లు ఎక్కువైనా కుళ్లిపోతుందని రెండుమూడుసార్లు చెప్పి చూశాడు. నేను వింటేగా.

అయిదో వారం ఎనిమిదో చుట్టులో పిక్క చిరిగినట్టయి బోర్లాపడ్డాను. ఉస్తాద్ మీసం దువ్వుకున్నాడు. డాక్టరు కట్టు కడుతూ, ఇది కాక ఇంకేమైనా చేశావా అని హిందీలో మెల్లగా అడిగారు. లేదన్నాను. పక్కనే ఉన్న అన్న తల దించుకున్నాడు.

"తప్పు నాదే బేటా. పెంచడంలో నేనే తొందరపడ్డాను," అన్నారు డాక్టరు, పుస్తకం మూసేస్తూ.

సిగ్గుతో చచ్చిపోయాను.

వారం తిరక్కుండానే కొత్త జట్టు దిగింది. వాళ్లకు మొదటిరోజే పన్నెండు చుట్లు. వాళ్ల రొప్పులు, ఎవడో వాంతి చేసుకోవడం నా మంచం దాకా వినబడుతున్నాయి. డాక్టరుకు నిజం ఇప్పుడు చెబుదాం, సాయంత్రం చెబుదాం అని అటూ ఇటూ దొర్లుతున్నాను. అప్పటికే కర్ర పట్టుకుని బావిదాకా నడుస్తున్నాను. ఆసుపత్రి బావికి అవతలే.

అన్న చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టి, గుమ్మంలో ఆగాడు.

"నువ్వు పడ్డది ఒక్కసారి. ఈల్లు రోజూ పడాలె గదరా," అన్నాడు.

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.