తిట్లతో నడిచిన చెరకు బండ్లు

నిజాంసాగర్ కాలువ గట్టు నుంచి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దాకా మూడువందల చెరకు బండ్లను ఆత్మారాం ఒక్క నోటితో లాక్కుపోయాడు. చేతిలో ముల్లుగర్ర లేదు, పగ్గం ముట్టుకోలేదు. దారంతా తిట్టాడు. ఒకసారి తిట్టిన తిట్టు రెండోసారి తిట్టలేదు. ఆనకట్ట కట్టిన ఇంజనీర్లు మంజీరను ఆపారు గానీ ఆ నోటిని ఆపడం వాళ్ల తాతల వల్ల కూడా కాదు. ఐదో తరగతిలో బడికి దండం పెట్టినవాణ్ణి, నా లెక్కలు మీరు నమ్మకపోయినా ఫరవాలేదు. కళ్లు మాత్రం నాకు బాగానే ఉన్నాయి, మూడో బండి మీద కూర్చుని చూశాను.

ఇదంతా పొగడ్త అనుకునేరు. ఆత్మారాంను పొగిడే పని ఆత్మారాం ఎన్నడూ ఇంకొకరికి మిగల్చలేదు.

బోధన్‌లో పొగగొట్టం లేవక ముందు అతను పసుపు, బెల్లం వేసుకుని నిజామాబాద్ గంజ్ బజారుకు బండి తోలేవాడు. ఫ్యాక్టరీ వచ్చాక మా ఊరి చెరకు బండ్లకు ముందు బండి అతనిదైంది. ఎవరూ ఇవ్వలేదు, తనే వెళ్లి ముందు నిలబడ్డాడు. అప్పటి నుంచి లోకంలో మిగిలిన జనమంతా అతనికి వెనుక బండివాళ్లే. బస్సును చూస్తే "పొగ తాగే మేక" అనేవాడు. ముల్లుగర్ర పట్టినవాణ్ణి చూస్తే ఉమ్మేసేవాడు. "ఎద్దును పొడిచెటోడు బండోడా? దర్జీ!" అని మా అందరి ముల్లుగర్రలూ విరిచి పొయ్యిలో పెట్టించాడు.

అతని ఎద్దులకు ఒక చదువు ఉంది. నిండు చెరకు బండిని పగ్గం గుంజి ఆపితే ముక్కు తెగుతుందని, దూడలుగా ఉన్నప్పుడే వాటికి పాటతో నేర్పాడు. పాట వినబడితే నడవాలి, ఆగితే నిలబడాలి. వెనక ఎద్దులు ముందు బండి తోకను చూసి నడుస్తాయి. ఆ పాట పాడేది హనోకు. చెరకు నరికే కూలి, ఆదివారం చర్చిలో గొంతెత్తేవాడు. ముందు బండి నొగల మీద కూర్చుని పదం మీద పదం, కీర్తన మీద కీర్తన అందుకునేవాడు. ఊపిరి ఎక్కడ పీల్చేవాడో ఆ ఎద్దులకు కూడా తెలియదు.

ఆ ఏడు ఆత్మారాంకు హనోకు పాట మొహం మొత్తింది. చేనులో బండ్లు నింపుతుండగా, దారిలో ఏం వినాలనే పంచాయితీ పెట్టాడు. తీర్పు ముందే రాసుకున్న పంచాయితీ అది.

"ఒగ్గు కథోణ్ని పిలుద్దామే అన్నా, బోధన్ దాకా ఒక్క కథ సరిపోతది," అన్నాడు రెండో బండి ముత్తన్న.

"వాని డోలుకు ఎద్దులు బెదురుతయి. నీ తెలివికి నేను బెదురుత," అన్నాడు ఆత్మారాం.

"మరాఠీ పాటగాడు వస్తడట, సంతల విన్న," అన్నాడు ఇంకొకడు.

"సంతల ఉల్లిగడ్డ గూడ దొరుకుతది. తెచ్చి బండి మీద గూసోబెట్టు."

"ఎప్పటి లెక్క నేనే పాడుత తియ్యి," అన్నాడు హనోకు.

"నీ గొంతు ఇనీ ఇనీ నా ఎద్దులకు చెవుడు వచ్చింది. నువ్వు ముత్తన్న బండి మీద గూసో. నోరు మూస్కోని గూసో."

అప్పుడు బొంత తీసి చూపించాడు. కింద పాటల పెట్టె, గ్రామఫోను! పాడి బర్రెను ఇచ్చి నిజామాబాద్ నుంచి తెచ్చాడట. పాలిచ్చేదాన్ని ఇచ్చి చావి తిప్పేదాన్ని తెచ్చిన మొనగాడు.

ముత్తన్నకు ఇంకో దిగులు. "రేపు ఫ్యాక్టరీల మన వంతు ఉన్నది. పొద్దుగూకే లోపల దర్వాజ దాటకపోతే చెరకు బండ్ల మీదనే ఎండుతది. గీ పెట్టెతోని కొత్త తమాషలు వద్దే."

"వంతు తప్పితే ముందు బండి ఇడిచిపెడత," అన్నాడు ఆత్మారాం. "హనోకుకే ఇస్త, తోలుకోమను."

ఊరంతా విన్నది. అతను ఊరంతా వినేలాగే అన్నాడు.

తెల్లారి గట్టెక్కాము. ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరి మడులు. ముందు బండి నిలిచిందా, దాన్ని దాటడానికి వెనకవాడికి రెక్కలు కావాలి. ఆత్మారాం పెట్టెను బొంత మీద పెట్టి చావి తిప్పి సూది ఆనించాడు. ఎవరో ఆడమనిషి ముక్కుతో పాడింది. ఎద్దులు కదిలాయి. అతను వెనక్కి తిరిగి మా మొహాలు చూశాడు, మేము పుట్టిందే ఆ పాట వినడానికన్నట్టు.

బీడీ సగం కాలకముందే పాట అయిపోయింది. ఎద్దులు నిలబడ్డాయి. వాటి వెనక బండ్లన్నీ నిలబడ్డాయి.

"సూసిండ్రా? మల్లొక పాట గావాల్నట వాటికి!" అన్నాడు ఆత్మారాం పొంగిపోయి.

పళ్లెం తిప్పి, సూది మార్చి, చావి ఇచ్చేసరికి చిలుము పీల్చి దులపవచ్చు. పాట, నాలుగడుగులు, నిలబడటం. పాట, నాలుగడుగులు, నిలబడటం. ఒకసారి గతుకులో సూది ఇరుక్కుని ఆ ఆడమనిషి ఒకే ముక్కను పట్టుకుని వేలాడింది. ఎద్దులకేం, అర్థంతో పనిలేదు, హాయిగా నడిచాయి. ఆ రోజు మాకు దక్కిన మంచి నడక అదే. ఇజ్జత్ పోతున్నదని ఆత్మారాం సూది ఎత్తేశాడు. ఎద్దులు నిలబడ్డాయి.

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. ఫ్యాక్టరీ పొగ ఇంకా బీడీ పొగంత కనబడుతున్నది. కోపంతో చావిని బలంగా తిప్పాడు. లోపల టప్పుమన్నది. పెట్టె మూగబోయింది.

హనోకు రెండో బండి మీద నుంచి మెల్లగా అన్నాడు: "పాట ఆగితే నిలబడాలని నువ్వే నేర్పితివి గదనే అన్నా. పాడమంటవా?"

ఒక్క మాట, "పాడు" అంటే అయిపోయేది. ఆ మాట అతని నోట రావాలంటే కాలువ ఎదురు పారాలి.

"నువ్వు పాడుడా? ఓరి పగిలిన కుండ గొంతోడా, నువ్వు పాడితే బర్రె పాలు ఇరుగుతయి! నీ పాట ఇని పిట్టలు ఊరు ఇడిచిపెట్టినయి! నువ్వు..."

ఎద్దులు కదిలాయి.

ఆత్మారాం బిత్తరపోయి నోరు మూశాడు. ఎద్దులు నిలబడ్డాయి.

ముందు ముత్తన్నకు అర్థమైంది. "ఆపకే అన్నా! తిట్టు! నీకు దండం బెడత తిట్టు!"

"నిన్నెవడు అడిగిండు రా, బోడి మీసపోడా..." ఎద్దులు మళ్లీ కదిలాయి.

ఇక మా పని సులువైంది. అతని గొంతు తగ్గినప్పుడల్లా హనోకు ఒక పుల్ల వేసేవాడు. "అన్నా, నీ పెట్టె మస్తుగ పాడుతది గని, పాలెన్ని ఇస్తది?" దాంతో ఓ మడి దూరం నడిచేవి. "బర్రె యాదికొస్తలేదా అన్నా?" ఇంకో మడి. హనోకు ముక్కు, హనోకు నడక, మా ముల్లుగర్రలు, నా చదువు, పెట్టె అమ్మిన షావుకారు, ఆ పాడిన ఆడమనిషి, ఎవరినీ వదలలేదు. మేము బండ్ల మీద పొట్టలు పట్టుకుని నవ్వుతూ సాగాము. నిజం చెప్పాలంటే అంత మంచి పాట మా బండ్ల మీద అంతకుముందు ఎవరూ వినలేదు.

పొద్దు గూట్లోకి దిగుతుండగా ఫ్యాక్టరీ దర్వాజ దాటాము. తూకం దగ్గరికి చేరేసరికి ఆత్మారాం గొంతు పూర్తిగా పోయింది. ఎద్దులు సరిగ్గా అక్కడే నిలబడ్డాయి. "ఏ ఊరి బండ్లు?" అని తూకం మనిషి అడిగితే నోరు తెరిచాడు, గాలి వచ్చింది. ఊరి పేరు హనోకు చెప్పాడు.

వంతు తప్పలేదు కాబట్టి ముందు బండి ఆత్మారాందే. తిరుగు దారిలో మాత్రం అతను పెట్టెను పక్కకు జరిపి, నొగల మీద హనోకుకు చోటిచ్చాడు. అంతకన్నా పెద్ద క్షమాపణ ఆ మనిషి దగ్గర ఎవరికీ దొరకలేదు. ఆ తర్వాత చెరకు తోలిన ప్రతిసారీ మా పంచాయితీ తీర్పు ఒక్కటే: పోయేటప్పుడు హనోకు పాట, వచ్చేటప్పుడు అన్న తిట్లు. ముత్తన్న పక్క ఊరి బండ్లవాళ్లను కూడా పిలుచుకొచ్చేవాడు వినడానికి.

మొన్న బోధన్‌లో చాయ్ హోటల్ ముందు నేను ఈ ముచ్చట నలుగురికి చెబుతుంటే ఆత్మారాం పక్కనే కూర్చుని చివరిదాకా విన్నాడు. బీడీ నేలకేసి నలిపి అన్నాడు:

"మూడువందలు గావు, పదకొండు బండ్లు. తిట్లు గూడ గన్ని లెవ్వు నా తాన. ఐదారు ఉన్నయి. గవే మల్ల మల్ల తిట్టిన."