వెనక వరసలోని గొంతు

పోయిన మంగళవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది, పెద్దమ్మ పోయిందని. చేతిలో ఉన్న జాకెట్టు గుడ్డ మిషన్ మీదే వదిలేసి లేచాను.

పెద్దమ్మంటే మాకు చుట్టం కాదు. ఇబ్రహీంపట్నంలో మా వెనక గల్లీ ఆమె. పొద్దంతా బజారులో చేపలు అమ్మేది. శనివారం సాయంత్రం మాత్రం తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, మా ఆడవాళ్ల భజనకు అందరికంటే ముందు వచ్చి వెనక వరసలో కూర్చునేది.

భజనలో నేను ముందు పాడతాను, మిగతావాళ్లు వంత పాడతారు. నాది సన్నని గొంతు. దాని మీద నాకు గర్వం, దాచుకోవడమెందుకు! ఆమె గొంతు లోతుగా, మగవాళ్ల గొంతులా వచ్చేది. అది నా పాటకు అడ్డమని అనుకునేదాన్ని.

మాకో పాడు అలవాటు ఉంది. హుషారులో ఒక్కో చరణానికి శ్రుతి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతాం. నాలుగో చరణం వచ్చేసరికి అది నా ఒక్కదానికే అందేది. అప్పుడు పెద్దమ్మ వంత కింద నుంచి అందుకుని, మెల్లగా అందరినీ దింపేది. "గంత మీదికి పోతే మేమెట్ల రావాలె బిడ్డా? జర దిగు," అని నవ్వేది. నేను మూతి ముడుచుకునేదాన్ని.

ఊరి చుట్టూ ఇళ్ల స్థలాల వెంచర్లు లేస్తున్న రోజుల్లో, బొంగులూరు దగ్గర ఒక కొత్త కాలనీవాళ్లు వినాయకుడి మండపంలో పాడమని పిలిచారు. అందరం ఒకే రంగు చీరలు కట్టుకుని పోయాం. మాకు మైకు అదే మొదటిసారి. పాట మొదలుపెట్టే ముందు నేను ఆమె దగ్గరికి పోయాను.

"పెద్దమ్మా, మైకుల నీ గొంతు మొగోళ్ల లెక్క ఇనొస్తది. నువ్వు పాడకు, తాళాలు కొట్టు."

ఎంత మాటన్నాను! ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. "సరే తియ్ బిడ్డా," అని వెనక్కి జరిగింది.

ఆ రోజు మమ్మల్ని దింపేవాళ్లు లేరు. మూడో చరణానికే వంత పాడేవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. నాలుగో చరణంలో నా గొంతు పగిలింది. కుర్చీల్లో ఎవరో పకపకా నవ్వారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను. అప్పుడు వెనక నుంచి, మైకు లేకుండానే, పెద్దమ్మ పాటను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మావాళ్లంతా ఆమెతో కలిశారు. పరువు దక్కింది.

ఆటోలో తిరిగి వస్తుంటే, "గరం నీళ్లు తాగు, గొంతు నయమైతది," అంది. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. తప్పైందని చెబుదామని ఎన్నిసార్లు బజారుకు పోయానో. పోగానే, "మంచి చేప ఉన్నది, పట్టుకపో," అనేది. నేను చేప తీసుకుని వచ్చేసేదాన్ని. ఏళ్లు గడిచిపోయాయి. మీరెప్పుడైనా ఆడవాళ్లు కలిసి పాడుతుంటే, ముందున్న నాలాంటివాళ్లను కాసేపు వదిలేసి కింది గొంతులను వినండి. పాటను మోసేది వాళ్లు.

మంగళవారం ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. పాడె లేచేదాకా భజన చేయడం మా రివాజు. అలవాటు కొద్దీ పాట పై శ్రుతిలో ఎత్తుకున్నాను. ఏడ్చి ఏడ్చి పూడుకుపోయిన గొంతులు, ఎవరికీ అందలేదు. పాట ఆగిపోయింది. ఆమె కోడలు తలెత్తి నా వైపు చూసింది.

నేను లేచి పోయి పెద్దమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. "తప్పైంది పెద్దమ్మా, ఆ దినం నిన్ను పాడొద్దన్న," అన్నాను, అందరికీ వినబడేలా. తర్వాత ఆమె ఎక్కడ పాడేదో అక్కడికి గొంతు దించి మొదలుపెట్టాను. అంత కింద నా గొంతు బాగుండదు, గరగరలాడుతుంది. అయినా వంత వచ్చింది. మావాళ్లు మాత్రమే కాదు. బజారు నుంచి గంపలతోనే వచ్చి గోడవార నిలబడ్డ చేపల ఆడవాళ్లు, ఏనాడూ భజనలో కూర్చోనివాళ్లు, వాళ్లూ అందుకున్నారు. పాడె లేచింది. గంపలు అక్కడే వదిలేసి, గల్లీ మలుపు దాటేదాకా పాడుకుంటూ వెంట నడిచారు.