ఎల్లాజీ మిషనూ, ఎండబెట్టిన బ్యాటరీలూ

జాలరిపేటలో ఉత్త ఎల్లాజీ అంటే ఎవరూ చెప్పలేరు, మిషనెల్లాజీ అనాలి. మోకాలు పాడై వేట మానుకున్నాక, వన్ టౌన్ పాతసామాన్ల కొట్లో ఒక మెటల్ డిటెక్టర్ కొనుక్కున్నాడు. తెల్లారగానే దాన్ని భుజాన వేసుకుని బీచి వెంట పోతాడు. జనం ఇసుకలో పారేసుకున్న ఉంగరాలు, గొలుసు ముక్కలు, చిల్లర, ఇప్పుడదే అతని వేట.

మిషన్ మీద అంత ప్రేమ ఉన్నవాడు దానికి తిండి పెట్టే దగ్గర మాత్రం కక్కుర్తిపడేవాడు. ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు! దానికి పెన్ను బ్యాటరీలు ఎనిమిది పట్టాలి. కొట్టు దేవీప్రసాద్ చెప్పి చూశాడు.

"ఛార్జింగువి వద్దు ఎల్లాజీ, నీ పాత మిషనుకి జోరు సాలదు. మంచి రకం తీసుకో. ఎనిమిదీ ఒక్కసారే కొత్తవెయ్యి. పాతవాటితో కలిపితే కొత్తవీ సచ్చిపోతాయి."

"నడిసముద్రంలో టార్చిలైట్లు ఎలిగించినోళ్ళం. బ్యాటరీల గురించి మాకు సెప్తావేటి?" అన్నాడు ఎల్లాజీ.

పడవ మీద అదే అలవాటు. అయిపోయిన బ్యాటరీలను పగలు చెక్క మీద ఎండబెట్టి, ముందు ఒక కొత్తది పెడితే రాత్రికి లైటు వెలిగేది. అందుకే మిషన్‌లోనూ ఆరు ఎండబెట్టినవి, రెండు కొత్తవి వేసేవాడు. ఎర్రలైటు వెలిగేది, పైపైనున్న సీసా మూతలకు బాగానే కూసేది. ఇంకేం కావాలి?

ఇలా ఉండగా తమ్ముడు నాగబాబుకి గుండెజబ్బు చేసి పెద్దాసుపత్రిలో పడ్డాడు. ఆపరేషన్ చేస్తే బతుకుతాడన్నారు. ఆ వారంలోనే అతని భార్య పోతమ్మ, నాలుగు చేపలు వస్తాయని ఒడ్డున పెద్దవల లాగడానికి వెళ్ళింది. భుజాన వేసుకున్న తాడు రాసుకుని మెడలో పసుపుతాడు తెగింది. పుస్తెలు పడి, వల లాగేవాళ్ళ కాళ్ళ కింద ఇసుకలోకి కూరుకుపోయాయి.

పసుపుకొమ్ము కట్టుకుని ఆసుపత్రికి వచ్చిన భార్యను చూసి నాగబాబు గోడవైపు తిరిగిపోయాడు. కొత్తవి చేయిద్దామంటే వినలేదు.

"ఆ పుస్తెలు దొరికితేనే నాను ఆపరేషనుకెల్తాను. దొరక్కపోతే సముద్రం నన్నడుగుతున్నట్టే."

"నానున్నానురా. మిషనుంది," అన్నాడు ఎల్లాజీ.

పోతమ్మ నిలబడిన చోటు చూపించింది. ఎల్లాజీ పొద్దంతా ఆ జాగాను అడుగడుగునా మిషన్‌తో తుడిచాడు. రెండు సీసా మూతలు, ఒక మేకు దొరికాయి. మర్నాడు వెళ్ళి, అక్కడ లేవురా అని తమ్ముడితో చెప్పేశాడు. నాగబాబు సరేనన్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

తీరం కోసుకుపోతోందని ఆ మరుసటి రోజు నుంచే అక్కడ పెద్దపెద్ద గొట్టాలతో సముద్రపు ఇసుక పోయడం మొదలుపెట్టారు. రెండు రోజుల్లో పాత ఒడ్డు మనిషి లోతుకు వెళ్ళిపోయింది.

అప్పుడు వాన కురిసి, గట్టు మీద ఎండబెట్టిన బ్యాటరీలన్నీ తడిసి పాడయ్యాయి. గత్యంతరం లేక ఎల్లాజీ మొదటిసారి ఎనిమిదీ కొత్తవి వేశాడు. ఇసుక పోయని వైపు నాలుగడుగులు వేశాడో లేదో మిషన్ గట్టిగా కూసింది. తవ్వాడు. జానెడు తవ్వినా ఏమీ లేదు. మూరెడు లోతుకు చెయ్యి దింపితే ఇత్తడి నట్టు తగిలింది. ఇన్నేళ్ళలో అంత లోతున్నదాన్ని అతని మిషన్ ఎప్పుడూ పట్టలేదు.

ఆ రోజు పుస్తెలనూ ఇలాగే పట్టలేకపోయి ఉంటుందని ఎల్లాజీకి తట్టింది. కుంటుకుంటూ పోతమ్మ చూపిన చోటికి పరిగెత్తాడు. కొత్త ఇసుక మీద మిషన్ ఆడిస్తూ మధ్యాహ్నం దాకా తిరిగాడు. అది కిక్కురుమనలేదు. చెవిటిదాన్ని తిప్పి, ఉన్నవాటిని లేవని చెప్పి వచ్చానే అని ఇసుకలో కూలబడి ఏడ్చాడు.

ఆసుపత్రికి వెళ్ళేసరికి నాగబాబు చొక్కా తొడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. పోతమ్మ బట్టలు సంచిలో సర్దుతోంది. ఆపరేషన్ వద్దని అతను తెగేసి చెప్పేశాడు.

"ఒరే, ఆగరా! సముద్రం తియ్యనేదురా. అక్కడే ఉన్నాయి. నా బ్యాటరీలు సచ్చినవి. నానే కక్కుర్తిపడి పాతవేశాను. లోతుకి ఇనపడనేదు. నా తప్పురా!"

పోతమ్మ సంచి వదిలేసి బావ మొహంలోకి చూసింది. "అయితే ఎతుకు బావా, ఇప్పుడే ఎల్లు!"

"ఇసకోసేశారమ్మా. ఇంక అందదు."

నాగబాబు నవ్వాడు. ఒళ్ళో తల పెట్టుకుని నిమిరే తల్లిలా అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను బతికించుకోడానికి ఎంత అబద్ధమైనా ఆడతావని నాకు తెల్దా అన్నా? నీ మిషను ఎప్పుడైనా తప్పిందా? సముద్రం తీసుకున్నదానికి బ్యాటరీల పేరెట్టకు. పద, ఇంటికెల్దాం."

ఎల్లాజీ అమ్మవారు వాసవ్వ మీదా, కన్నబిడ్డల మీదా ఒట్లు పెట్టాడు. ఒట్టు మీద ఒట్టు పడేకొద్దీ తమ్ముడి కళ్ళలో అన్న మీద ప్రేమ పెరిగింది తప్ప నమ్మకం పుట్టలేదు. చివరికి అతన్ని ఆటో ఎక్కించడానికి ఎల్లాజీయే భుజం పట్టాల్సి వచ్చింది.