కొండమ్మ ఎరిగిన మాటలు

రాజకుమారి భర్త దుర్గారావు పోయి తొమ్మిది నెలలైంది. ఖిదిర్‌పూర్ రేవులో ఇరవై రెండేళ్లు మూటలు మోసిన మనిషి, ఇంట్లో మాత్రం నోరు విప్పేవారు కాదు. అన్నం, నీళ్లు, పడుకుంటా. ఆమెకు దక్కిన మాటలు అంతే. మిగిలినవన్నీ రేవు గేటు దగ్గరి టీకొట్టులో వదిలి వచ్చేవారని ఆయన ఉన్నన్నాళ్లూ ఆమెకు తెలియదు. ఇప్పుడు కూతురు సమీర వచ్చి చెబుతోంది.

సమీరకు కాలేజీలో ఒక పని ఇచ్చారు. ఒకే సంగతిని ఒక్కో గుంపువాళ్లు తమలో తాము ఏ మాటతో చెప్పుకుంటారో రాసుకురావాలి. పని ఎగ్గొట్టడాన్ని సమీర స్నేహితులు ‘ల్యాద్ తినడం’ అంటారు. మునిసిపాలిటీలో వీధులూడ్చే మేనమామ జట్టుకు అది ‘చీపురుకి జ్వరం’. రేవులోనైతే ‘చాప పరిచాడు’ అంటారట. అక్కడ గాజు సామాను పెట్టె పేరు పెళ్లికూతురట, మేస్త్రీ పేరు మామగారట. ఈ రేవు మాటలన్నీ చెప్పింది టీకొట్టు అప్పలకొండమ్మ. రోజూ సాయంత్రం సమీర ఆ కొట్టు బల్ల మీదే కూర్చుని రాసుకొస్తోంది.

“పెళ్లికూతురు నాన కట్టిన మాటేనంటమ్మా. ‘దుర్గా ఆ మాటంటే జట్టంతా పడి పడి నవ్వీవోరు’ అని కొండమ్మత్త సెప్పింది.”

దుర్గా! పాతికేళ్ల కాపురంలో ఒక్కసారీ రాజకుమారి నోట రాని పేరు. టీ పోసినదానికి నవ్వులూ, తనకేమో ఉతకడానికి చెమట చొక్కాలూనా?

“నీకేటైనా తెలుసా అమ్మా?” అంది పిల్ల, ఊరికే.

తెలియదని చెప్పడానికి మనసొప్పలేదు. పొయ్యి మీద ఉడుకుతున్నదే నోటికొచ్చింది.

“ఎందుకు తెల్దూ? పులుసు పిలుస్తంది అనీవోరు. డ్యూటీ దిగే ఏళయిందని. నాకొక్కదానికే సెప్పారు.”

సమీర ఇక్కడి బడిలో నేర్చుకున్న బెంగాలీ అక్షరాల్లో రాసుకుంది. రాజకుమారికి అవి చదవడం రాదు. అయినా ఏ వరుసలో రాసిందో చూసి గుర్తుపెట్టుకుంది. ఆ రాత్రి చాలా రోజులకు కంటినిండా నిద్రపోయింది.

మర్నాడు సమీర చెప్పులు విప్పుతూనే అంది.

“పులుసు మాట కొండమ్మత్తకీ తెలుసంట. రోజూ కప్పు కింద పెట్టి నాన అదే అనీవోడంట. ఆ కొట్లోనే పుట్టిందంట.”

రాజకుమారి పొయ్యి మీద పులుసు కలుపుతోంది. దొంగముండ అని అరవబోయింది. అరిస్తే ముందు బయటపడేది తన దొంగతనమే. తను కల్పించిన మాటను కూడా కొండమ్మ కాజేసింది కదా!

అంతలోనే లోపల ఏదో సంబరం. ఇదొకటి కల్పించిందంటే మిగిలినవీ అలాంటివే అయ్యుంటాయి. పెళ్లికూతురూ లేదు, మామగారూ లేడు. ఆయన అక్కడా మూగగానే టీ తాగి లేచి వచ్చేవారేమో. తనకు దక్కినంతే దానికీ దక్కింది.

పులుసు దింపేలోగానే ఆ సంబరం చచ్చిపోయింది. అవన్నీ అబద్ధాలైతే ఆయన ఇరవై రెండేళ్లు ఎక్కడ నవ్వినట్టు? ఎక్కడో ఒకచోట నవ్వి ఉండాలి కదా మనిషన్నవాడు.

“మాట సెప్పినోల పేరు కూడా రాయాలమ్మా. పులుసు కాడ ఎవల పేరు రాయను?”

రాజకుమారి గిన్నె మీద మూత పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

“ఇద్దరిదీ రాయి,” అంది. “నాది ముందు రాయి.”