గోవిందప్ప రిపేర్లు

బండి నడపడం కంటే బండి ఆపడమంటేనే గోవిందప్పకు ఎక్కువ ఇష్టం. బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన చాలా ఏళ్లకు, తన యాభై నాలుగో ఏట, కొత్త మోటారు సైకిలు కొన్నాడు. మూడు నెలలు తిరక్కుండానే కామసముద్రం దారిలో అది ఆగని చెట్టు లేకుండా పోయింది.

ఆగగానే దిగి, ట్యాంకుకు చెవి ఆనించి వింటాడు. "వేడెక్కిండాది పాపన్నా, దిగు" అంటాడు. స్పానరుతో రెండు దెబ్బలు వేసి, పంచె చెంగుతో ఏదో తుడిచి, పావుగంట సేపు వక్కాకు నములుతూ కూర్చుంటాడు. దారిన పోయేవాళ్లు ఎద్దుల్ని కట్టుకోమన్నారు. ఇంజను రాయిలాగా ఉందని మెకానిక్ అంజినప్ప ఒట్టు పెట్టి చెప్పాడు. గోవిందప్ప వింటేగా! బండి బాధ నడిపేవాడికే తెలుస్తుందని కొట్టిపారేశాడు.

వెనక కూర్చునే పాపన్న లోలోపల నవ్వుకునేవాడు. ఇరవై రెండేళ్లు గనిలో రాయి తొలిచిన మనిషి. ఆ దుమ్మంతా రొమ్ములో పేరుకుంది, ఎదురుగాలి కొడితే ఊపిరి అందదు. అయినా ప్రతి ఆదివారం కామసముద్రం పోయి అక్కయమ్మను చూడాల్సిందే. తల్లి లేని తనను పెంచిన అక్క. ఆమె మొగుడు ఇదే దగ్గుతో మూడేళ్లు మంచాన తీసుకుని చనిపోయాడు. తమ్ముడికీ అదే పట్టిందని తెలిస్తే ఆమె తట్టుకోలేదు. ఆ గడప దగ్గర ఆయాసపడకూడదు, అంతే పాపన్న కోరిక. పాపం, ఎంత చిన్న కోరిక! ఈ పాడు బండి ఆగడం తన అదృష్టమనీ, గోవిందప్పకు తన సంగతేమీ తెలియదనీ అనుకునేవాడు.

ఒక ఆదివారం, ఊరు ఇంకా మైలు దూరం ఉండగా బండి టపటపమని ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా ఉలకలేదు. గోవిందప్ప ముఖం పాలిపోయింది.

"ప్లగ్గు తుడువన్నా. వారం వారం తుడస్తానే ఉండావు కదా" అన్నాడు పాపన్న.

గోవిందప్ప బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ప్లగ్గు యాడుంటాదప్పా?"

పాపన్న పకపకా నవ్వాడు. నవ్వు సగంలో ఉండగానే విషయం తలకెక్కింది. తనకు ఊపిరి ఆడనప్పుడే ఇన్నాళ్లూ ఈ బండి వేడెక్కుతూ వచ్చింది. ఏడుపొచ్చింది, దగ్గొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. దగ్గు తగ్గేదాకా గోవిందప్ప అటు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత పాపన్నను సీటు మీద కూర్చోబెట్టి, హ్యాండిలు పట్టుకోమన్నాడు. ఆ మైలంతా వెనకనుంచి తనే తోశాడు.

అక్కయమ్మ వాకిట్లోకి వచ్చేసరికి పాపన్న నిమ్మళంగా ఊపిరి తీస్తున్నాడు. గోవిందప్ప అరుగు మీద కూలబడి రొప్పుతున్నాడు. గనిపైన హాజరు పట్టీ రాసుకునే ఉద్యోగం అతనిది, ఒక్కరోజూ లోపలికి దిగినవాడు కాదు. ఆ సంగతి ఆమెకేం తెలుసు? నీళ్ల చెంబు అందిస్తూ కన్నీళ్లు పెట్టుకుంది.

"మా ఇంటాయనకూ ఇట్లే ఉండె. నీకూ పట్టిందా అప్పా, ఆ గని దుమ్ము?"

గోవిందప్ప పాపన్న వైపు చూడలేదు. "అవునక్కా. రెండేండ్లాయె."

ఆమె తమ్ముడి మీదికి తిరిగింది. "జబ్బు మనిషితో బండి తోయించి దొర మాదిరి కూర్చోనుండావే, నీకేం రోగం రా? దిగు."

పాపన్న దిగాడు. అక్క చేత అంత కమ్మటి తిట్టు తిని ఎన్నేళ్లయిందో.

"తప్పయిందక్కా" అన్నాడు.